బిట్రగుంట గార్డు గారితో డ్రా

"గెలిచినావా, ఓడినావా?"

పంచలో మంచం మీద కూర్చుని తాత అడిగిన మొదటి మాట అది. 1991 జనవరి, సంక్రాంతి సెలవులు. నెల్లూరులో రెండు రోజులు చదరంగం పోటీలు ఆడి, రాత్రి ప్యాసింజరులో కావలి తిరిగొచ్చి, ఇంకా కాళ్ళు కూడా కడుక్కోలేదు నేను. ఆరు ఆటల్లో రెండు గెలిచాను, మూడు ఓడాను, ఒకటి డ్రా అయింది అని చెప్పాను. ఆ డ్రా గురించి చెప్పాలనే దారి పొడుగునా ఉబలాటపడుతూ వచ్చాను.

"డ్రా అంటే?"

"ఇద్దరికీ చెరి అర పాయింటు తాతా."

"ఆటన్నాక ఒకడు గెలవాల, ఒకడు ఓడాల. చెరి సగం పంచుకునేదానికి అదేమన్నా అన్నదమ్ముల పొలమా?"

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు నాకు పదమూడేళ్ళు. గెలిచిన రెండు ఆటలూ నాకంటే చిన్న పిల్లల మీద గెలిచినవి. నిజంగా ఆడానని నేననుకున్నది ఆ డ్రా ఒక్కటే.

తాత ఆట వేరు. ఆయన ఆడేది మన పాత చదరంగం. బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదలాలి. కోట కట్టడం, అంటే రాజూ ఏనుగూ ఒకే ఎత్తులో కదలడం, లేదు. దానికి బదులు రాజుకి ఒక్కసారి, ఇంకా చెక్ పడకముందు, గుర్రంలా దూకే హక్కు ఉంటుంది. ఆ దూకుడు ఎప్పుడు వాడుకోవాలన్న దాంట్లోనే తాత నేర్పంతా ఉండేది. ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే ఒకాయన చేత చెక్కించుకున్న పావులు ఆయనవి. ఏనుక్కి తొండం, గుర్రానికి జూలు, అన్నీ చేతి పని. ఒక నల్ల బంటు ఎప్పుడో పోయింది. దాని చోట చింతపిక్క పెట్టేవాళ్ళం. ఆ చింతపిక్క చంపుడు పడితే తాత దాన్ని మిగతా పావులతో పాటే పక్కన వరసలో నిలబెట్టేవాడు, పడిపోతే మళ్ళీ నిలబెట్టేవాడు.

ఇప్పటి ఆట నేర్పింది మా చిన్నమామ. జవహర్ భారతిలో డిగ్రీ చదివేవాడు, హాస్టల్లో నేర్చుకున్నాడు. ఆయన నేర్పిన మొదటి పాఠం నన్ను ఓడించడమే. నాకు నల్ల పావులు ఇచ్చి, "నేను ఏ ఎత్తు వేస్తే నువ్వూ అదే వెయ్యి, చూద్దాం" అన్నాడు. ఆయన రాజు ముందు బంటుని రెండు గళ్ళు జరిపాడు, నేనూ జరిపాను. ఆయన గుర్రాన్ని ఎఫ్3కి తెచ్చాడు, నేను ఎఫ్6కి తెచ్చాను. (ఇవి గళ్ళ పేర్లు: నిలువు వరుసలకి ఏ నుంచి హెచ్ దాకా అక్షరాలు, అడ్డు వరుసలకి ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు.) ఆయన గుర్రం నా బంటుని చంపింది, నా గుర్రం ఆయన బంటుని చంపింది. ఆయన మంత్రిని రాజు ముందుకి, ఈ2లోకి దించాడు. నా గుర్రం మీదికి వచ్చిందని నేను దాన్ని వెనక్కి లాగాను. అంతే, ఈ5లో ఉన్న ఆయన గుర్రం సి6లోకి దూకింది. అది పక్కకి తప్పుకోగానే వెనక ఉన్న మంత్రి నా రాజుకి చెక్. దూకిన గుర్రం నా మంత్రి మీద. రాజుని కాపాడుకుంటే మంత్రి పోతుంది. ఐదో ఎత్తుకే నా పని అయిపోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే మామ దగ్గరికి వెళ్ళి మళ్ళీ ఆడదామన్నాను. అప్పుడు చెప్పాడు. మూడో ఎత్తులో ఆయన బంటుని వెంటనే చంపకూడదు, ముందు డి6 బంటు జరిపి ఆయన గుర్రాన్ని వెనక్కి తరమాలి, ఆ తర్వాతే చంపాలి. చేసేది అదే పని, ఒక్క ఎత్తు ఆలస్యంగా. ఇద్దరి బలం ఒకటే అయినా తెల్లవాడికి ఒక ఎత్తు ముందు ఉంటుంది. అది మరిచిపోయి వాడు చేసినట్టే చేస్తే మునుగుతాం, అది గుర్తుపెట్టుకుని ఆడితే నిలుస్తాం. ఈ ఓపెనింగు, అంటే ఆట మొదలుపెట్టే ఎత్తుల వరస, పేరు పెట్రోవ్ డిఫెన్స్ అని, అలెగ్జాండర్ పెట్రోవ్ అనే రష్యా ఆటగాడి పేరు మీద వచ్చిందని, రష్యన్ డిఫెన్స్ అని కూడా అంటారని మామే చెప్పాడు. పెట్రోవ్‌తో పాటు యానిష్ అనే ఇంకో రష్యా ఆయన 1840ల్లోనే దీన్ని విడదీసి రాశాడని చాలా తర్వాత చదువుకున్నాను.

దీనికి డ్రాల ఓపెనింగు అని పేరు. బల్ల మధ్యలో ‘ఈ’ అనే నిలువు వరుస, బంట్లు తొందరగా మారిపోయి, ఖాళీ అవుతుంది. ఆ దారిలో ఏనుగులు ఎదురెదురు నిలబడి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. బంట్లు రెండు వైపులా ఒకేలా మిగులుతాయి. చప్పటి ఆట అనే వాళ్ళు నాకు చాలామంది తగిలారు. నేను ఒప్పుకోను. 1984 సెప్టెంబరులో మొదలై 1985 ఫిబ్రవరిలో ఆపేసిన కార్పోవ్, కాస్పరోవ్‌ల ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీలో 48 ఆటల్లో 40 డ్రాలు. అందులో ఆఖరి ఆట పెట్రోవే, దాన్ని కాస్పరోవ్ తెల్ల పావులతో గెలిచాడు. 2018లో లండన్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కార్ల్‌సన్ మీద కరువానా ఆరో ఆటలో నల్ల పావులతో ఇదే వేశాడు. 80 ఎత్తులు నడిచి డ్రా అయింది. ఆ పోటీలో పన్నెండుకి పన్నెండు మామూలు ఆటలూ డ్రానే. ఆ ఆరో ఆట కోసం అర్ధరాత్రి దాటినా మేలుకుని కూర్చున్నాను. కార్ల్‌సన్ ఆఖర్లో ఎంత కష్టం మీద ఊపిరి నిలబెట్టుకున్నాడో చూసినవాడెవడూ దాన్ని చప్పటి ఆట అనడు.

మాకు పుస్తకాలు దొరికేవి కావు. విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల వ్యాను కావలి వచ్చినప్పుడు మామ ఒక రష్యా చదరంగం పుస్తకం కొన్నాడు, ఇంగ్లీషులో. గట్టి అట్ట, చవక ధర, మంచి బొమ్మలు. ఆయన ఓపెనింగులు చదువుకుని, చివరి భాగం నాకు వదిలేశాడు. "ఆ రాజు, ఒక్క బంటు గొడవ నాకు విసుగురా, నువ్వు చదువుకో." నిఘంటువు పక్కన పెట్టుకుని, ఒక్కో వాక్యం పట్టుకుని చదివాను. అందులో ఒక పేజీ నాకు బాగా గుర్తు. ఒంటరి రాజు ఒక్క బంటుని ఎలా ఆపాలన్నది. నా నోటు పుస్తకంలో దాన్ని తెలుగులో ఇలా రాసుకున్నాను: వెనక్కి పోవాల్సి వస్తే తిన్నగా పో, పక్కకి పోవద్దు.

ఇక నెల్లూరు. మూలాపేటలో పెద్దమ్మ వాళ్ళింట్లో దిగాం. పోటీలు ఒక హైస్కూలు హాల్లో. పొడుగు బల్లలు, వాటి మీద తెల్ల కాగితాలు పరిచి పిన్నులు కొట్టారు, రెండు బల్లలకి ఒక ఫ్యాను. వయసులతో పని లేకుండా అందరూ ఒకటే పోటీ. రెండో రోజు పొద్దున, నాలుగో రౌండు. నా పేరు ఎదురుగా బిట్రగుంట అని ఉంది.

ఆయన రైల్వే గార్డు. యాభై ఏడో ఏడు నడుస్తోందని తర్వాత తెలిసింది. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, మెడ వెనక మడిచిన చేతిరుమాలు. కూర్చోగానే గడియారం తీసి చెవి దగ్గర పెట్టుకుని టిక్కుటిక్కు విని, తలాడించి, కింద పెట్టాడు. నాకు చెయ్యి ఇచ్చి "ఏ ఊరు అబ్బయ్యా?" అన్నాడు. కావలి అన్నాను. "మనోడివే అయితే" అన్నాడు. బిట్రగుంటకీ కావలికీ ఎంత దూరం గనక.

తెల్ల పావులు ఆయనవి, మొదటి ఎత్తు రాజు ముందు బంటు. ఆయన స్కోరు షీటు మీద రాసుకున్నది చూసి నాకు ఆశ్చర్యమేసింది. నేను ఈ4 అని రాస్తే, ఆయన పి-కె4 అని రాశాడు. రెండో ఎత్తుకి నేను గుర్రం ఎఫ్3 అంటే ఆయన ఎన్-కెబి3. అది పాత ఇంగ్లీషు పద్ధతి. ప్రపంచ చదరంగం సంఘం దాన్ని 1981లోనే పక్కన పెట్టింది. ఆర్బిటరు, అంటే పోటీ అంపైరు, వచ్చి చూసి, ఆయన మొహం వంక చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. నల్లవాడి గళ్ళని నల్లవాడి వైపు నుంచి లెక్క పెడతారు ఆ పద్ధతిలో. అందుకని ఆయన కాగితంలో నా మొదటి ఎత్తు కూడా పి-కె4 అనే ఉంది. ఒకే ఆటకి రెండు కాగితాలు, రెండు భాషల్లో.

నేను ఎఫ్6 గుర్రం వేయగానే తలెత్తి నా వంక చూశాడు. మూడో ఎత్తుకి గుర్రంతో బంటుని కొట్టి, చేతులు కట్టుకుని వెనక్కి వాలాడు. నేను డి6 జరిపాను. "ఊఁ" అన్నాడు, చిన్నగా. ఆ ఊఁ నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. గుర్రం వెనక్కి ఎఫ్3కి పోయింది, నా గుర్రం ఈ4లో బంటుని తీసుకుంది, ఆయన డి4, నేను డి5, ఆయన శకటు డి3కి వచ్చింది. అక్కడిదాకా మామ నేర్పిందే. అక్కణ్ణుంచి నా సొంతం.

మధ్యలో ఆట అనుకున్నట్టే పోయింది. ‘ఈ’ నిలువు వరుసలో ఏనుగులు నాలుగూ మారిపోయాయి, మంత్రులు మారిపోయాయి. ఒక్కో గుర్రం, కొన్ని బంట్లు మిగిలాక నాకు ఆత్రం పుట్టింది. గెలవాలని డి5 బంటుని కాపలా లేకుండా వదిలి గుర్రాన్ని రాజు వైపు దూకించాను. ఆయన ఆ బంటుని పంటి కింద పలుకు ఏరినట్టు ఏరుకున్నాడు. తర్వాత అటు పక్క బంట్లూ ఇటు పక్క బంట్లూ ఒకదానికొకటి పోయాయి. ఈ5లో ఉన్న ఆయన గుర్రాన్ని నా గుర్రంతో కొట్టాను, ఆయన డి4 బంటుతో నా గుర్రాన్ని కొట్టాడు. అట్లా ఆ బంటు ‘ఈ’ నిలువు వరుసలోకి వచ్చింది. బల్ల మీద మిగిలింది రెండు రాజులు, ఆ ఒక్క బంటు.

నా గడియారంలో ముల్లు, టైము అయిపోతే పడే చిన్న జెండాని ఎత్తడం మొదలుపెట్టింది. నాలుగు నిమిషాలు కూడా లేవు. ఆయన రాజు ఎఫ్5లో, నా రాజు ఈ7లో. ఆయన బంటుని ఈ6కి తోశాడు.

నా రాజుకి వెనక మూడు గళ్ళు, డి8, ఈ8, ఎఫ్8. చూడ్డానికి మూడూ ఒకటే. ఎఫ్8 అయితే ఆయన రాజుకి దగ్గరగా, అడ్డంగా నిలబడ్డట్టు ఉంటుంది, నా చెయ్యి ముందు అటే లాగింది. కానీ అటు పోతే ఆయన రాజు ఎఫ్6కి వస్తుంది, నేను ఈ8కి రాక తప్పదు, బంటు ఈ7కి వస్తుంది, నా రాజు డి7కి పోవాలి, ఆయన రాజు ఎఫ్7 ఎక్కుతుంది, బంటు మంత్రి అయిపోతుంది. డి8 అయినా అంతే. నోటు పుస్తకంలో రాసుకున్న అక్షరాలు కళ్ళ ముందుకి వచ్చాయి. రాజుని తిన్నగా వెనక్కి, ఈ8కి పెట్టి గడియారం నొక్కాను. వేళ్ళు వణుకుతుంటే రాజు గడి గీత మీద పడింది. ఆయనే చూపుడు వేలితో దాన్ని మెల్లగా గడి మధ్యకి జరిపాడు, "సరిచేస్తున్నా" అని చెప్పి మరీ.

ఆయన రాజు ఎఫ్6. నా రాజు ఎఫ్8, ఎదురెదురు. బంటు ఈ7, చెక్. నేను ఈ8. ఇక ఆయన బంటుని వదిలి పోవాలి, లేదా ఈ6కి రావాలి. ఈ6కి వస్తే నాకు కదలడానికి గడి లేదు, చెక్ లేదు, అంటే డ్రా. చాలాసేపు చూశాడు. తన గడియారంలో ఇంకా ఇరవై నిమిషాలు ఉన్నాయి, అందులో ఐదు నిమిషాలు ఆ ఎత్తుకే వాడాడు. తర్వాత రాజుని ఈ6లో పెట్టి, నవ్వి, చెయ్యి చాచాడు.

బయట వేపచెట్టు కింద పెద్దమ్మ కట్టిచ్చిన పులిహోర పొట్లం ఇద్దరం తిన్నాం. చేతిరుమాలు పరిచి, దాని మీద గళ్ళు ఉన్నట్టే వేలితో చూపిస్తూ, నేను డి5 బంటుని ఎక్కడ వదిలానో చెప్పాడు. ఆ ఎత్తు ఆయనకి నంబరుతో సహా గుర్తుంది. తర్వాత అన్నాడు: "పెట్రోవ్ ఆడినావని నిన్నెవరన్నా పిరికోడంటే నమ్మబాక. మన మద్రాసు పిలకాయ ఆనంద్ ఉండాడే, 88లో స్విట్జర్లాండులో ఇదే ఆటలో ఆరెత్తులకి రాజీనామా చేసినాడు. అంతటోడు కూడా ఒక్క ఎత్తు చూసుకోకపోతే అంతే." బీల్‌లో సపాటా మీద ఆనంద్ ఓడిన ఆట అది. ఐదో ఎత్తుకి శకటుని ఎఫ్5లో పెట్టాడు, తెల్ల మంత్రి ఈ2కి దిగింది, గుర్రాన్ని కాపాడుకునే దారి లేదు. మామ నన్ను ఓడించింది కూడా ఆ ఈ2 గడిలోకి మంత్రిని దించే కదా. అప్పటికి ఆనంద్ మన దేశానికి మొదటి గ్రాండ్‌మాస్టరు అయి మూడేళ్ళు. ఆయన కూడా అదే గడి దగ్గర దెబ్బ తిన్నాడని విన్నాక నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

ఇదంతా ఆ రాత్రి తాతకి చెప్పలేకపోయాను. మర్నాడు ఆయన పలక మీద ఆ మూడు పావులూ పెట్టి చూపించాను. తాత పద్ధతిలో, రాజుకి చెక్ లేకుండా కదలడానికి చోటు కూడా లేకుండా చేస్తే ఆట ఆగిపోదు, చేసినవాడే ఎత్తు వెనక్కి తీసుకుని ఇంకోటి వెయ్యాలి. "ఇంకోటి వేస్తా ఉండు" అన్నాడు. ఏ ఎత్తు వేసినా బంటు పోతుంది. మళ్ళీ మొదటికి, ఈ6 దగ్గరికి. నేను తిన్నగా వెనక్కి. ఆ రోజు అన్నం తిన్నాక కూడా కూర్చున్నాం. రెండో రోజు నన్ను తెల్ల వైపు పెట్టి ఆయన నల్ల వైపు కూర్చున్నాడు. పక్కకి పోయి ఓడాడు. తిన్నగా పోయి నిలిచాడు. మూడో రోజు పొద్దున పళ్ళపుల్ల నోట్లో పెట్టుకుని, నేను బడికి పోతుంటే పిలిచి, "నా లెక్కలో కూడా గెలిచేదానికి లేదురా అది" అన్నాడు. కాసేపాగి, "ఆ గార్డాయన్ని చూడాల" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ప్యాసింజరు ఎక్కి బిట్రగుంట పోయాం. తాత ఉతికిన పంచె కట్టి, పావుల సంచీ చంకలో పెట్టుకున్నాడు. బిట్రగుంట అంటే అప్పటికీ రైలు ఊరే. బొగ్గు ఇంజన్ల కాలంలో పెద్ద షెడ్డు ఉండేది, ఊరంతా షెడ్డు కూతతోనే లేచేదని చెప్పుకునేవాళ్ళు. గార్డు గారి క్వార్టరు కనుక్కోవడం కష్టం కాలేదు. ముందు అరుగు మీద ఆయన లైను పెట్టె ఉంది, నల్ల రంగు రేకు పెట్టె, మీద తెల్ల అక్షరాలతో ఆయన పేరు, బిట్రగుంట అని. డ్యూటీకి పోయేటప్పుడు బ్రేకు వ్యానులో ఎక్కించే పెట్టె. దాని మీదే పలక పరిచారు.

ముందు పద్ధతుల పంచాయితీ. ఒక ఆట తాత పద్ధతిలో, ఒక ఆట గార్డు గారి పద్ధతిలో అని తేలింది. చింతపిక్కని చూసి గార్డు గారు నవ్వలేదు. "నల్ల బంటా?" అని అడిగి తన వైపు పెట్టుకున్నారు. మొదటి ఆట తాత గెలిచాడు. రాజు గుర్రంలా దూకిన ఎత్తుని గార్డు గారు ఊహించలేదు, "ఆహా" అని తొడ చరుచుకున్నారు. అమ్మగారు మజ్జిగ తెచ్చి ఇచ్చారు. రెండో ఆటలో గార్డు గారు కోట కట్టుకుంటే తాత "రాజూ ఏనుగూ ఒకే ఎత్తుకా?" అని రెండుసార్లు అడిగి ఒప్పుకున్నాడు. ఆట చిక్కగా ఉంది, ఇద్దరి మంత్రులూ ఇంకా బల్ల మీదే ఉన్నాయి, కావలి వైపు పోయే బండికి గంట కొట్టారు.

"పెద్ద పోటీల్లో పొద్దుపోతే ఇట్టానే ఆపుతారండీ" అన్నారు గార్డు గారు. "ఎత్తు ఎవరిదో వాళ్ళు కాగితం మీద రాసి, కవర్లో పెట్టి అంటిస్తారు. మళ్ళీ కూర్చున్నప్పుడు కవరు చింపి ఆ ఎత్తుతోనే మొదలు." ఎత్తు తాతది.

"నాకు ఆ రాతలు రావు. వీడి చెవిలో చెప్తా. కవరు వీడే" అన్నాడు తాత.

గార్డు గారు ఒప్పుకున్నారు. ఒక కాగితం మీద గళ్ళు గీసి, పావులన్నీ ఎక్కడున్నాయో రాసి, ఒకటి ఆయన ఉంచుకుని ఒకటి నాకు ఇచ్చారు. తాత వంగి, మీసం నా చెవికి గుచ్చుకుంటుండగా, తన ఎత్తు చెప్పాడు.

వచ్చే ఆదివారం తాతకి జ్వరం. ఆ తర్వాత నాకు పరీక్షలు. వేసవిలో మామ బిట్రగుంట పోయి కనుక్కొస్తే, గార్డు గారు రిటైరై క్వార్టరు ఖాళీ చేసి సొంతూరు పోయారని చెప్పారట. ఏ ఊరో పక్కింటివాళ్ళకి సరిగ్గా తెలియలేదు. తాత ఇంకో నాలుగేళ్ళు ఉన్నాడు. మంచం మీద నుంచి అప్పుడప్పుడూ అడిగేవాడు.

"ఆ ఎత్తు గుర్తుందా?"

"ఉంది తాతా."

"ఆయనొచ్చేదాకా ఎవురికీ చెప్పబాక."

ఆ కాగితం నా దగ్గర ఉంది. పావులు ఎక్కడెక్కడున్నాయో కింద ఫోటో పెట్టగలను గానీ, తాత ఎత్తు మాత్రం ఇక్కడ కూడా రాయను.